ల్యాప్‌టాప్‌కి అద్దం చూపించిన ఇల్లు

కొత్తలంకలో తాతారావు గారిల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, తాతారావే అన్నాడు. అని ఊరుకోలేదు, ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ మాటే ఇచ్చేవాడు. "మా ఇంట్లో తెలివి ఉండబట్టి సరిపోయింది గానీ, ఈ రోజుల్లో బతకడం మహా కష్టమండి" అనేవాడు. వచ్చినవాళ్ళు ఆయన మొహంలోకి ఓసారి చూసి, నిజమేనండి అనేసి, వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోయేవారు.

ఆయన లెక్కలో తెలివంటే చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. ఆవగింజంత ఎక్కువ చెయ్యకూడదు, ఆవగింజంత తక్కువ చెయ్యకూడదు. దానికి తోడు ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది. ఒకరికి చెప్పిన మాట అందరికీ చెప్పినట్టే. ఒకసారి డాక్టరు గారు తాతారావుని నాలుక చాపమంటే, పక్కనే ఉన్న భార్య సుభద్ర, తమ్ముడు సింహాచలం, కూతురు రాజ్యం కూడా నాలుకలు చాపారు. డాక్టరు గారు లోపల పెట్టుకోమనడం మర్చిపోయి ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయారు. అంతే. నలుగురూ నాలుకలు బయట పెట్టుకునే బస్సెక్కి ఇంటికొచ్చారు. కండక్టరు టిక్కెట్టు అడగడానికి కూడా భయపడ్డాడు.

అలాంటి ఇంట్లో రాజ్యానికి ఉద్యోగం వచ్చే యోగం పట్టింది. పిల్ల బీకాం ప్యాసై ఇంట్లో కూర్చుంది. ఎక్కడెక్కడికో దరఖాస్తులు పెట్టింది, ఒక్కరూ పలకలేదు. చివరికి ఒక కంపెనీవాళ్ళు పలికారు. ఫోన్ చేసినవాళ్ళకి ఓపిగ్గా జవాబు చెప్పాలి, ఇంట్లోంచే పని. సాయంత్రం నాలుగింటికి ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ, ఫోన్‌లో కుదరదు, తప్పితే ఇంకో అవకాశం ఉండదు అని ముందే చెప్పారు. "ఇది కూడా పోతే నేనింక ఎక్కడా అడగను నాన్నా" అంది రాజ్యం. ఆ మాట తాతారావు గుండెల్లో గుచ్చుకుంది. పిల్లకి ఈ ఒక్కటీ దక్కితే చాలని రాత్రంతా దేవుడికి చెప్పుకున్నాడు.

అసలు చిక్కు ల్యాప్‌టాప్‌తో వచ్చింది. వారం కిందట అది వేడెక్కుతోందంటే, చల్లగా ఉన్నచోట పెట్టండి అన్నారెవరో. ఇంకేముంది, పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకీ గోంగూర పచ్చడికీ మధ్యన పెట్టారు. అది చల్లబడింది గానీ దాని లోపల ఇంటర్నెట్‌ని అందుకునే వైర్‌లెస్ కార్డు కాలం చేసింది. రిపేరు షాపాయన కొత్త కార్డు వేసిచ్చాడు. "ఇది వేరే కంపెనీ కార్డండి. దీనికి డ్రైవరని ఒక ప్రోగ్రాం ఉంటాది, అది ఎక్కిస్తేనే పంజేత్తాది. నేను పెళ్ళికెళ్తన్నాను, మీ ఇంట్లో తెలిసినోళ్ళెవరైనా ఉంటే ఎక్కించుకోండి" అన్నాడు.

"తెలిసినోళ్ళా? మా ఇంట్లో ఉన్నదే నలుగురం, నలుగురం తెలిసినోళ్ళమే" అన్నాడు తాతారావు. షాపాయన షట్టరు దించేసి పెళ్ళికెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున టిఫిన్లయ్యాక ల్యాప్‌టాప్ తెరిచారు. ఇంటర్నెట్ లేదు. అప్పుడు తాతారావు తన మేనల్లుడు ఫణికి ఫోన్ చేశాడు. ఫణి రామచంద్రపురంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. మంచివాడు, ఓపికున్నవాడు. ఆ రోజు దాకా ఓపికున్నవాడు అనాలి.

ఫోన్ అందరికీ వినపడేలా మధ్యలో పెట్టారు. ఫణి అంతా విని, "ఏం కంగారు లేదు మావయ్యా. కొత్త కార్డు కదా, ల్యాప్‌టాప్ దాన్ని ఇంకా గుర్తుపట్టట్లేదు. అంతే. నేను మీటింగులో ఉన్నాను, కాసేపట్లో చేస్తాను" అని పెట్టేశాడు.

నలుగురూ ల్యాప్‌టాప్ వైపు జాలిగా చూశారు.

"దాని తప్పేముంది పాపం" అంది సుభద్ర. "కొత్తగా వచ్చిన మనిషిని మనకి మాత్రం ఎవరూ చెప్పకపోతే ఎలా గుర్తుపడతాం?"

"చూసుంటే కదా వదినా గుర్తుపట్టడానికి" అన్నాడు సింహాచలం. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు కాబట్టి ఇంట్లో మిషన్ల విషయాలన్నీ ఆయనవే. "దానికున్నది ఒకటే కన్ను. ఇదిగో, తెర మీదున్న ఈ కెమెరా. కార్డేమో వెనకాల పొట్టలో ఉంది. ఎలా కనపడుద్ది?"

తాతారావుకి ఒళ్ళు పులకరించింది. ఇంత తెలివి ఒకే ఇంట్లో ఉండటం న్యాయమేనా అనిపించింది. సుభద్ర వెళ్ళి గోడకున్న అద్దం తెచ్చింది. సింహాచలం ల్యాప్‌టాప్ అడుగు మూత మరలు విప్పాడు. రాజ్యం దాన్ని పక్కకి ఒరగబెట్టి పట్టుకుంటే, తాతారావు అద్దాన్ని ఇటూ అటూ తిప్పి, దాని పొట్ట దానికే కనపడేలా చూపించాడు. "చూసుకోమ్మా, ఇదే నీ కొత్త కార్డు. పచ్చగా, బుల్లిగా, ఎంత బాగుందో" అన్నాడు. ల్యాప్‌టాప్ ఏమీ అనలేదు.

"అద్దంలో కుడి ఎడమవుద్ది కదండీ" అంది సుభద్ర. "దానికి అంతా తిరగబడి కనపడుతుంటే ఏం గుర్తుపడుద్ది?"

అదీ నిజమే. అంతే, సింహాచలం పట్టకారుతో కార్డుని ఊడబీకి కెమెరా ఎదురుగా పెట్టాడు. ముందువైపు చూపించాడు, వెనకవైపు చూపించాడు. బాగా చూసుకోడానికి టైమివ్వాలని అందరూ కాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. "ఇంక చాలు, గుర్తుపట్టే ఉంటాది" అన్నాడు తాతారావు. సుభద్ర కార్డుకి కాస్త పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త వస్తువు పోకుండా దేవుడి గూట్లో పెట్టింది. సింహాచలం ఖాళీ పొట్టకి మూత పెట్టి మరలు బిగించాడు.

ఇంతలో ఫణి ఫోన్ చేశాడు. "మావయ్యా, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని మరదల్ని కూర్చోమనండి. రాజ్యం, పాత కార్డుకి సంబంధించిన డ్రైవరు ఒకటి లోపలుండిపోయింది. అది ఉంటే కొత్తదానికి అడ్డం. ముందు దాన్ని తీసేద్దాం" అని ఎక్కడ నొక్కాలో చెప్పాడు.

రాజ్యం నొక్కబోతుంటే సుభద్ర పరిగెత్తుకెళ్ళి కంచం తెచ్చి ల్యాప్‌టాప్ కింద పట్టింది. తీసేస్తే కింద పడుతుంది కదా మరి. రాజ్యం నొక్కింది. కంచంలో ఏమీ పడలేదు. నలుగురూ మంచం కింద వెతికారు, చాప దులిపారు, సుభద్ర చీపురుతో గదంతా ఊడ్చింది. చివరికి ఒక చొక్కా గుండీ దొరికింది.

"దొరికింది అల్లుడూ" అన్నాడు తాతారావు ఫోన్‌లో. "నల్లగా ఉంది. నాలుగు చిల్లులున్నాయి."

ఫణి ఫోన్‌ని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. తరవాత నెమ్మదిగా, "సరే మావయ్యా. పాతది పోయిందిగా, అది చాలు. ఇప్పుడు ఓసారి అంతా ఆపేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి. అయ్యాక నాకు చెయ్యండి" అన్నాడు.

"మొదటినుంచా?"

"ఆ, మొదటినుంచే."

ఇంకేముంది, మొదలంటే ఎక్కడ అన్న చర్చ వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచింది మొదలు అంది రాజ్యం. దానికి ముందు టిఫిన్ తిన్నాం కదా అన్నాడు సింహాచలం. టిఫిన్‌కి ముందు స్నానాలు, దానికి ముందు పళ్ళు తోముకోవడం. "ఎంత వెనక్కెళ్ళినా నిద్ర లేవడానికి ముందు ఏమీ లేదు" అని తాతారావు తేల్చాడు. అంతే. నలుగురూ తలుపులేసుకుని, దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. మిట్టమధ్యాహ్నం కోడి కుయ్యదు కాబట్టి దుప్పట్లోంచి సింహాచలమే కూశాడు. అందరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

పళ్ళు తోముకున్నారు, కాఫీలు తాగారు, స్నానాలు చేశారు. చదివేసిన పేపరుని మడతపెట్టి గేటు దగ్గర విసిరేసి, తాతారావు చెప్పులేసుకెళ్ళి తెచ్చుకున్నాడు. సుభద్ర మళ్ళీ ఉప్మా వండింది. పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని మొగుడు అరిచాడు కాబట్టి, గుర్తుంచుకుని మళ్ళీ ఉప్పు తక్కువే వేసింది. తాతారావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పెళ్ళై ఇన్నేళ్ళయింది, ఉప్పెంతెయ్యాలో తెలీదా నీకు" అని పొద్దున అరిచినంతా అరిచాడు. సుభద్ర పొద్దున ఏడ్చినంతా ఏడ్చింది. ఎక్కడా తేడా రాలేదు. ఒక్క గోడ గడియారం మాత్రం మాట వినకుండా ముందుకెళ్ళిపోయింది. రాజ్యం దాని వైపు చూస్తూ ఉప్మా మింగలేకపోయింది, పొద్దున మాత్రం ఇష్టంగానే తింది. "అలా చెయ్యకమ్మా, మొదటికొచ్చేస్తాం" అని బతిమాలి తినిపించాడు తండ్రి.

మళ్ళీ ఫోన్ చేసేసరికి ఫణికి కంగారు పుట్టింది. "ఇంతసేపా? రెండు నిమిషాల పని కదా మావయ్యా."

"మీ అత్తయ్య ఏడుపే పావుగంట పట్టింది అల్లుడూ" అన్నాడు తాతారావు.

అత్తయ్య ఎందుకేడ్చిందో అడిగే టైము లేదు ఫణికి. "సరే, కొత్త డ్రైవరు ఇంటర్నెట్‌లోంచే తెచ్చుకోవాలి. మీకేమో ఇంటర్నెట్టే లేదు. కాబట్టి మీ ఫోన్‌లో ఉన్న ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కిద్దాం. ఫోన్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి కలపండి. గట్టిగా కలపండి, మధ్యలో ఊడితే మళ్ళీ మొదలుపెట్టాలి" అన్నాడు.

మళ్ళీ మొదలంటే ఇంకోసారి ఉప్మా. ఆ మాట వినగానే సుభద్ర కళ్ళు తుడుచుకుంది. సింహాచలం పెరట్లోకెళ్ళి బట్టలారేసుకునే ఇనుప వైరు తెంపుకొచ్చాడు. ఫోన్‌ని ల్యాప్‌టాప్ మీద పెట్టి, అడ్డంగా ఓ చుట్టు, నిలువుగా ఓ చుట్టు, ఐమూలగా ఇంకో రెండు చుట్లు వేసి, కటింగ్ ప్లేయరుతో మెలేశాడు. తాతారావు ఊపి చూశాడు. కదల్లేదు.

అంతా బాగానే ఉంది గానీ, ఫోన్‌లోంచి ఫణి గొంతు సన్నగా వినపడుతోంది. వైరు చుట్టు సరిగ్గా శబ్దం వచ్చే చోట బిగిసింది. ఇంక చేసేదేముంది, తాతారావు ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. బరువుకి మెడ వాలిపోతుంటే, అరటిపండు ఒలుస్తున్న సింహాచలం రెండో చేత్తో కింద నుంచి ఎత్తిపట్టాడు.

"కలిపారా మావయ్యా?"

"కలిపాం అల్లుడూ. ఊడమన్నా ఊడదు."

"తెర మీద ఏమైనా కనపడుతోందా?"

"ఎలా కనపడుద్ది? చెవి దగ్గరుంది కదా."

"చెవి దగ్గర ఫోన్ ఎందుకుంది మావయ్యా, ల్యాప్‌టాప్‌కి కలిపారుగా?"

"అందుకే ల్యాప్‌టాప్ కూడా చెవి దగ్గరే ఉంది" అన్నాడు తాతారావు. ఇంత చదువుకున్నవాడికి ఇంత చిన్న విషయం విడమర్చి చెప్పాల్సి వచ్చినందుకు ఆయనకి మేనల్లుడి మీద జాలేసింది.

ఫణి దండం పెట్టినంత పని చేశాడు. "మావయ్యా, నేనే వచ్చేస్తున్నాను. డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని బండి మీద బయల్దేరుతున్నాను. మీకు పుణ్యముంటుంది, నేను ఇంట్లోకొచ్చేదాకా మీరెవరూ దేన్నీ ముట్టుకోవద్దు. దేన్నీ. అర్థమైందా?"

"చెప్పింది చెప్పినట్టు చేస్తాం అల్లుడూ. మా సంగతి నీకు తెలుసుగా" అన్నాడు తాతారావు. ఫణి, తెలుసన్నాడు.

ల్యాప్‌టాప్‌ని చెవి దగ్గర నుంచి మంచం మీదకి జారవిడిచి, నలుగురూ గది మధ్యలో చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డారు. కూర్చుంటే కుర్చీ తగులుతుంది. నేల తగులుతోంది కదా మరి అని రాజ్యానికి అనుమానం వచ్చింది. నేలని మనం ముట్టుకోలేదు, అదే మనల్ని ముట్టుకుంటోంది అన్నాడు తాతారావు. దోమ వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. అది తాగినంత తాగి, తృప్తిగా లేచి, సింహాచలం దగ్గరికెళ్ళింది. సింహాచలం చేతిలో అప్పటికే సగం ఒలిచిన అరటిపండు ఉంది. పారేస్తే మళ్ళీ ముట్టుకోలేడు, తింటే నోటితో ముట్టుకున్నట్టవుతుంది. పాపం అలాగే పట్టుకుని ఏడుపు మొహం పెట్టాడు.

పెరట్లో సుభద్ర బిందె పెట్టి విప్పి వచ్చిన కుళాయి అలాగే ఉంది. బిందె నిండింది. నీళ్ళు పొర్లాయి. "కట్టెయ్యనాండీ?" అంది సుభద్ర. "చేత్తోనేగా కట్టేది?" అన్నాడు తాతారావు. పెరడంతా వరి ఊడుపులకి దమ్ము చేసిన బురదపొలంలా తయారైంది.

మూడున్నరకి ఫణి బండి వచ్చి ఆగింది. తలుపు కొట్టాడు.

"ఎవరూ?" అన్నాడు తాతారావు కదలకుండా.

"నేను మావయ్యా, ఫణిని. తలుపు తియ్యండి."

"గడియ ముట్టుకోవాలి కదా అల్లుడూ."

"వచ్చేశాను కదా."

"ఇంట్లోకొచ్చేదాకా అన్నావు. నువ్వింకా వీధిలోనే ఉన్నావు. లోపలికొచ్చెయ్, అప్పుడు తీసేత్తాను."

ఫణి చెప్పాడు, అరిచాడు, బతిమాలాడు. లోపల రాజ్యం కళ్ళనీళ్ళు పెట్టుకుంది, తుడుచుకుందామంటే చెంప ముట్టుకోవాలి. చివరికి ఫణి చుట్టూ తిరిగి వెళ్ళి పెరటిగోడెక్కి దూకాడు. దమ్ము చేసిన పెరట్లో మోకాలిదాకా దిగి, బోర్లా పడి, నెత్తి నుంచి కాలిదాకా బురదతో వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. "వచ్చాడు, వచ్చాడు" అని నలుగురూ ఒక్కసారిగా ఇంట్లో ఉన్నవన్నీ ముట్టుకున్నారు. సింహాచలం అరటిపండు మింగేశాడు.

ఫణి నేరుగా మంచం దగ్గరికెళ్ళాడు. వైరు కట్లు కత్తిరించాడు. పెన్‌డ్రైవ్ పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో అసలు కార్డే లేదని తెర మీద వచ్చింది. మరలు విప్పి చూశాడు. పొట్ట ఖాళీ.

"కార్డేది అత్తయ్యా?"

"దేవుడి గూట్లో ఉంది నాయనా. పసుపు రాసి పెట్టాను."

ఎందుకని అడిగితే నాలుగవుతుందని ఫణికి తెలిసిపోయింది. పసుపు తుడిచి, కార్డు బిగించి, డ్రైవరు ఎక్కించాడు. ఇంటర్నెట్ వచ్చేసింది. నాలుగింటికి ఇంకా కాస్త టైముంది. రాజ్యం మొహం విప్పారింది. తాతారావు రెండు చేతులూ చాచాడు. మేనల్లుణ్ణి కావిలించుకోబోయి బురద చూసి ఆగాడు.

"ఇంక ఏమీ చెయ్యకండి" అన్నాడు ఫణి. "ఇంటర్వ్యూలో వాళ్ళు ఎలా చెబితే అలా చెయ్యండి, చాలు. నేను ఈ బురద కడుక్కొస్తాను." సుభద్ర మొగుడి పంచె ఒకటిచ్చింది. ఫణి పెరట్లో స్నానాల గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి తెర మీదకి ఒకావిడ వచ్చింది. కళ్ళజోడు, నవ్వు మొహం. "నమస్తే రాజ్యలక్ష్మి గారూ. మొదలుపెట్టే ముందు ఒక్క నియమం. మీరున్న గదిలో మీరు తప్ప ఇంకెవరూ, ఇంకేమీ ఉండకూడదు. పుస్తకాలు గానీ, కాగితాలు గానీ, ఏమీ. గది ఖాళీ చేసుకుని చెప్పండి, వెయిట్ చేస్తాను" అంది.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫణి కూడా అదే చెప్పాడు, వాళ్ళెలా చెబితే అలా చెయ్యమని. ఇంకేముంది, తాతారావు పంచె ఎగ్గట్టాడు. మంచం బయటికెళ్ళింది. కుర్చీలెళ్ళాయి. తాతగారి ఫొటో, క్యాలెండరు, దాని మేకు వెళ్ళాయి. బీరువాని అన్నదమ్ములిద్దరూ దొర్లించుకుంటూ వీధి వాకిట్లోకి తోశారు. సుభద్ర మూల మూలలా ఊడ్చి, రెండు చీమల్ని కూడా బతిమాలి బయటికి పంపింది. రాజ్యం నేల మీద బాసింపట్టు వేసుకుని, నిటారుగా, చేతులు కట్టుకుని కూర్చుంది.

తాతారావు గుమ్మంలో నిలబడి గదంతా కలయజూశాడు. ఇంకా ఒకటుంది. నియమం నియమమే. వెళ్ళి ల్యాప్‌టాప్ ఎత్తుకుని, తెచ్చి వాకిట్లో బీరువా మీద పెట్టి, గది తలుపు దగ్గరికేసి వచ్చాడు. తెరలో ఆవిడకి నమస్కారం పెట్టి, "అయిపోయిందమ్మా. మా అమ్మాయి ఒక్కతే ఉంది లోపల. ఇంక మీ ఇష్టం వచ్చింది అడగండి" అన్నాడు.

"లోపలా? హలో? రాజ్యలక్ష్మి గారు ఎక్కడున్నారండి? హలో?" అంది ఆవిడ.

సుభద్ర జవాబు చెప్పబోయింది. తాతారావు నోటి మీద వేలేసుకుని ఆపాడు. ఇంటర్వ్యూ మొదలైపోయింది, ఇప్పుడు మనం అందిస్తే కాపీ కింద లెక్క. సుభద్ర, సింహాచలం కూడా వేళ్ళు నోటి మీద వేసుకున్నారు. ముగ్గురూ ల్యాప్‌టాప్ ముందు అలాగే భక్తిగా నిలబడ్డారు. ఆవిడ ఇంకా కాసేపు హలో హలో అని పిలిచింది. ఒక కోడిపెట్ట బీరువా ఎక్కి తెరలోకి తొంగి చూసింది. దాన్ని కూడా మాట్లాడనివ్వకుండా సింహాచలం అదిలించాడు. చివరికి ఆవిడ, "క్షమించాలి, సమయం అయిపోయింది" అంది. తెర నల్లబడింది.

ఫణి మావయ్య పంచె చుట్టుకుని, తల తుడుచుకుంటూ అప్పుడే వచ్చాడు. వాకిట్లో మంచం చూశాడు, బీరువా చూశాడు, దాని మీద నల్లగా ఉన్న ల్యాప్‌టాప్ చూశాడు. "రాజ్యం ఏది మావయ్యా?" అన్నాడు.

"లోపల ఇంటర్వ్యూలో ఉంది" అన్నాడు తాతారావు గొంతు తగ్గించి.

ఫణి మంచం మీద కూలబడ్డాడు. అప్పుడే గది తలుపు తెరుచుకుని రాజ్యం బయటికొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"నాన్నా, ఎంతసేపు కూర్చున్నానో. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు నాన్నా."

తాతారావు కళ్ళు చెమర్చాయి. కూతురి తల నిమిరి, "అడిగే అవసరం కనపడి ఉండదమ్మా" అన్నాడు. తరవాత చెప్పులేసుకుని, అమ్మాయికి ఉద్యోగం వచ్చేసిందని వీధిలో చెప్పడానికి బయల్దేరాడు. ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే కాబట్టి, పక్కింటాయనకి ఒక్కడికి చెప్పి వెనక్కొచ్చేశాడు.